కార్డు మీద ఇస్త్రీ వాసన

హోటల్ బార్‌లో నన్నందరూ ముక్కుగారు అంటారు. కొత్త విస్కీ ఏది వచ్చినా ముందు నేను వాసన చూసి, రుచి చూసి, అదెలా ఉంటుందో అతిథులకి చెప్పే కార్డు మీద నాలుగు మాటలు రాయాలి. పన్నెండేళ్లుగా నా ఉద్యోగం ఈ ముక్కు మీదే నడుస్తోంది. మూడు వారాల క్రితం జలుబు చేసింది. జలుబు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మర్నాటి నుంచి గ్లాసులు తుడవమంటారు.

సరిగ్గా ఇప్పుడే ఈ మాయదారి సీసా దిగాలా? స్కాట్లాండ్‌లో ఏదో మూల చిన్న డిస్టిలరీలో చేసిన సింగిల్ మాల్ట్ విస్కీ అట. నలుగురికీ తెలిసిన రకమైతే పాత కార్డులు చూసి ఏదో ఒకటి గీకేసేవాణ్ణి. దీని పేరు ఎవరూ వినలేదు, పలకబోతే నాకే నోరు తిరగలేదు. పొద్దున్నే మా మేనేజరు దాన్ని నా చేతిలో పెట్టాడు. నిమిషానికోసారి వాచీ చూసుకుంటాడని ఆయన్ని మేం గడియారం అంటాం.

"ఆరింటికి అతిథులొస్తారు ముక్కుగారూ. ఆలోగా కార్డు కావాలి."

ప్రశాంతంగా చూస్తానని చెప్పి ఇంటికి పట్టుకొచ్చాను. వంటింటి బల్ల మీద మూతి సన్నని గ్లాసు పెట్టి, కాస్త పోసి, వాసన చూశాను. కుళాయి నీళ్లకీ దీనికీ తేడా లేదు. కాఫీ పొడి డబ్బాలో ముక్కు పెట్టి చూశాను. అదీ అంతే. చప్పరిస్తే నాలుక మీద కొంచెం తీపి, గొంతులో మంట. ఒళ్లు మండిపోయి, 'తేనె, ఓక్ చెక్క, సన్నని పొగ' అని రాసి పారేశాను.

మా ఆవిడ నా భుజం మీదుగా చదివింది.

"పోయిన నెలా ఇదే రాశారుగా?"

"నీకేం తెలుసు? ఇవన్నీ ఇలాగే ఉంటాయి."

జీవితంలో చుక్క ముట్టని మనిషి, గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "పొగ ఎక్కడుందండీ ఇందులో?"

లేని పొగ ఉందని రాసిస్తే అతిథుల ముందు నా పరువు గంగలో కలిసేది.

"మీకు వాసన తెలియట్లేదని నాకు తెలుసు," అంది. "ఆ రోజు పాలు అడుగంటి మాడిపోతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నారు."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఒప్పుకునే మనిషా మీరు? రాసుకోండి. బాగా మగ్గిన యాపిల్. కొత్త చెప్పుల దుకాణం. వాన పడ్డ సిమెంటు మెట్లు."

నీళ్లు తగిలితే విస్కీ వాసన విచ్చుకుంటుందని రెండు చుక్కలు వేసి మళ్లీ ఇచ్చాను. ఈసారి కళ్లు మూసుకుంది. "ఇప్పుడు మారింది. తడి గుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టగానే వస్తుంది చూడండి, ఆ వాసన."

"ఇస్త్రీ వాసన అని రాస్తే నవ్వుతారే!"

"నవ్వితే నవ్వనీయండి. ఉన్నదది."

వేరే దారి లేక ఉన్నదున్నట్టు రాశాను.

ఆరింటికి గడియారం కార్డు పైకి చదివాడు. ఇస్త్రీ దగ్గర అందరూ ఘొల్లున నవ్వారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత ఒక్కొక్కరే నీటి చుక్కలు వేసుకుని వాసన చూశారు. నవ్వులు ఆగిపోయాయి. "అచ్చం అదే!" అందొక పెద్దావిడ. పక్కాయన మళ్లీ మళ్లీ వాసన చూస్తున్నాడు. నేనూ ఆశగా గ్లాసులో ముక్కు పెట్టాను. ఏమీ లేదు.

గడియారం వాచీ చూసుకోవడం కూడా మర్చిపోయి నా భుజం తట్టాడు. వచ్చే వారానికని ఇంకో నాలుగు సీసాలు అంటగట్టాడు.

తలుపు తీస్తూనే మా ఆవిడ అడిగింది, "ఏమన్నారు?"

సీసాల సంచీ బల్ల మీద దబ్బున పెట్టాను.

"పన్నెండేళ్లకి నా ముక్కు ఇవాళే పనిచేసిందన్నారు."