రొట్టె మోసిన దారి

"రొట్టెలు విరక్కుండా సర్దావా?" అన్నాడు బకీసియో, జీపు హారన్ కొడుతూ. పెళ్లయినప్పటి నుంచీ మా ఆయన పొద్దుటి పలకరింపు ఇదే. నేను నిద్రపోయానో లేదో అక్కర్లేదు, రొట్టెలు క్షేమంగా ఉంటే చాలు.

అప్పడంలా పలచగా, రెండుసార్లు కాల్చే మా సార్డీనియా దీవి రొట్టె నెలల తరబడి పాడవదు. దానికోసం తెల్లారకముందే నేనూ మా అత్తగారు అంతియోకా పొయ్యి ముందు కూర్చుంటాం. సుప్రమోంతె కొండల్లో నేషనల్ పార్కు చూడటానికి వచ్చేవాళ్లకి బకీసియో ఓక్ చెట్ల కింద పందిమాంసం కాల్చి పెడతాడు. చప్పట్లు మాంసానికే. భోజనాలయ్యాక వాళ్లని పైకి తీసుకెళ్లి అడవి గొర్రెల్నీ, బందిపోటైన తన తాత దాక్కున్న గుహనీ చూపిస్తాడు. నేనూ వస్తానంటే, "నువ్వొస్తే గిన్నెలెవరు తోముతారే?" అంటాడు నవ్వుతూ. ఏళ్ల తరబడి నేనూ నవ్వాను. ఈమధ్య నవ్వు రావడం లేదు. గిన్నె తోముతూ తలెత్తి కొండ చూస్తే కాళ్లు ఒకచోట నిలవవు. ఇక్కడే పుట్టి, వంకర కొమ్ముల గొర్రెని పోస్టుకార్డు మీద తప్ప చూడలేదంటే ఎవరైనా నమ్ముతారా? నాకు సిగ్గుగా ఉంటుంది, ఒళ్లు మండిపోతుంది కూడా.

ఆ రోజు కూడా ఎప్పటి కథే ఎత్తుకున్నాడు. తన అమ్మ తరఫు తాత, చెయ్యని హత్యకి వారెంటు, తుపాకీతో కొండల్లో ఒంటరి బతుకు. వచ్చినవాళ్లలో ఒకావిడ మరి తిండెలాగని అడిగింది.

"కొండే పెట్టింది," అన్నాడు.

నా చేతుల్లో ఎంగిలి పళ్లాలున్నాయి. అత్తగారు ఓసారి పిండి పిసుకుతూ చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. మగపిల్లలు కదిలితే పోలీసులు వెంటపడేవాళ్లట. అందుకని కొండల్లో ఉన్న తండ్రికి రొట్టెలు గడ్డిమోపులో దాచి, చిన్నపిల్ల అయిన ఆవిణ్ణే పంపేవారు. ఓసారి దొరికిపోతే కొట్టారు. అయినా నోరు విప్పలేదు.

"కొండ కాదు, మీ అమ్మ పెట్టింది," అన్నాను. "దెబ్బలు తిని మరీ పెట్టింది."

అందరూ నావైపు తిరిగారు. బకీసియో ఇబ్బందిగా నవ్వి, మా ఆవిడకి ఎండ తగిలిందని సర్దిచెప్పి, వాళ్లని గుహకి తీసుకుపోయాడు. నేను గిన్నెలు తోమాను. ఏడుపొచ్చింది, తోముతూనే ఏడ్చాను.

సాయంత్రం అత్తగారికి అంతా చెప్పేశాను. మగాళ్ల మాటల్లో తలదూర్చానని తిడుతుందనుకున్నాను. ఆవిడ తిట్టలేదు.

"ఏ గుహకి తీసుకెళ్లాడు?" అంది.

"వాగు పైన ఉంటుందట, రెండు నోళ్ల గుహ."

"అది మేకలు పడుకునేదే. మా నాన్న ఏనాడూ అందులో లేడు."

బకీసియో ఏళ్ల తరబడి వచ్చినవాళ్లందరి చేతా ఆ గోడలు తాకించి, టోపీలు తీయించాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"వాడెప్పుడడిగాడే? అసలుదెక్కడో నాకొక్కదానికే తెలుసు. నాతోనే పోతుందిలే అనుకున్నా."

మర్నాడు పొయ్యి వెలిగించలేదు. హారన్ మోగుతుంటే పెరటి గుమ్మంలో కూర్చుని, అసలు గుహ చూపిస్తానన్న అత్తగారి బూట్లకి తాళ్లు కడుతున్నాను.