కొసరి వడ్డించని పూట

ఆ మధ్యాహ్నం పెంటయ్యగారు ఔనంటే మా అమ్మాయి ప్రియదర్శినికి పెళ్లి; కాదంటే ఆ ప్రస్తావన అక్కడితో సమాప్తం. పిల్లలిద్దరూ మాదాపూరులో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో ఒకే కంపెనీలో ప్రోగ్రాములు రాసేవారు. వారు నిశ్చయించుకున్నారు, నేనూ సమ్మతించాను. మిగిలింది కుర్రవాడు వేణు తండ్రి పెంటయ్యగారి మాట. ఆ మాట దాటి వేణు చేసుకోడు. అలా చేసుకోమని మా అమ్మాయీ అడగదు.

వారిని ఇంటికే భోజనానికి పిలుద్దామని నా భార్య అనసూయమ్మ అన్నది. నేను వినలేదు. ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు ఉపన్యాసకుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. మదీనాగూడలోని మా ఇంట్లో భోజనాల గది ఇరుకు, గోడలకు పెచ్చులు. పిల్లల ఆఫీసుకు ఎదురుగా పది రోజుల క్రితమే ఒక హోటల్ తెరిచారు. ఏసీ గది, తెల్లని బల్లగుడ్డలు, గ్లాసుల్లో పువ్వుల్లా మడిచి నిలిపిన చేతిరుమాళ్లు. మర్యాదకు అదే తగిన చోటని నేనే తీర్మానించాను.

పెంటయ్యగారు, ఆయన భార్య మల్లమ్మ నల్లగండ్ల నుండి ఆటోలో వచ్చారు. ఆయన కుర్చీ అంచున కూర్చుని భుజాల చుట్టూ తువ్వాలు కప్పుకున్నారు.

"గింత సల్లగున్నదేంది సారూ? అన్నం తినేకాడనా, దవాఖాననా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మెనూ కార్డు తీసుకుని రొట్టెలు, మాంసం కూర ఇంగ్లీషులో ఆర్డరు చెప్పాను. సురేష్ అనే సర్వరు వినయంగా రాసుకున్నాడు. పదార్థాలు రావడానికి అరగంట పట్టింది. పిల్లలు రెండు గంటలకల్లా ఆఫీసులో ఉండాలి. వేణు గడియారం చూసుకున్నాడు, నేనూ చూసుకున్నాను.

ఎట్టకేలకు చిన్న చిన్న రాగి గిన్నెలు వచ్చాయి. సురేష్ ఒక్కొక్కరికి రెండేసి గరిటెల కూర వడ్డించాడు. అవి ముగిశాక మళ్లీ గిన్నె ఎత్తి, "ఇంకొంచెం వేయమంటారా మేడమ్?" అని అడిగాడు.

"వద్దు బిడ్డా, సాలు" అన్నది మల్లమ్మ. పెంటయ్యగారూ చెయ్యి అడ్డం పెట్టారు.

ఒకరు వద్దన్నప్పుడు ఆ మాటను గౌరవించడమే సంస్కారమని తరగతి గదిలో ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి. "సరే, తీసేయవచ్చు" అన్నాను. సగానికి పైగా నిండి ఉన్న గిన్నెలను సురేష్ పక్క బల్ల మీదికి మార్చాడు.

పెంటయ్యగారి కుర్చీ రెండుసార్లు కిర్రుమన్నది. వేణు నీళ్లు తాగాడు. ఖాళీ అయిన గ్లాసునే మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. బల్ల కింద మా అమ్మాయి నా కాలు తొక్కింది. కారణం నాకు బోధపడలేదు. వాతావరణం గురించి ఒక మాట అన్నాను.

పెంటయ్యగారు తువ్వాలు దులిపి లేచారు. "మంచిది సారూ, ఇగ పోతం. ఇంట్ల రొట్టెలున్నయ్, పోయి తింటం. ఎనకసిరి కబురు పంపుతం."

వెనుక కబురు పంపుతామంటే ఆ కబురు ఎన్నటికీ రాదని నాకూ తెలుసు. మా అమ్మాయి తల వంచుకున్నది.

అనసూయమ్మ నా వైపు వంగి, పళ్ల బిగువున అన్నది: "ఒక్కసారి అడిగి ఊకుంటరా? పిల్లనిచ్చేకాడ గిట్లనేనా అన్నం పెట్టుడు?"

మా అమ్మ వడ్డించే తీరు అప్పుడు జ్ఞాపకానికి వచ్చింది. చుట్టాలు విస్తరి మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టేవారు. ఆమె వేళ్ల సందుల్లోంచే పోసేది. అది అనాగరికమని చదువుకునే రోజుల్లో ఆమెతోనే అన్నాను.

లేచాను. పక్క బల్ల మీది గిన్నె, గరిటె అందుకున్నాను.

"సార్, సార్! మీరు కూసోండి. మా మేనేజర్ చూస్తే నన్ను తిడ్తడు!" సురేష్ నా వెంట పడ్డాడు.

నా జన్మలో ఎవరికీ వడ్డించి ఎరుగను.

"అమ్మా, ఇంకొక్క ముక్క."

"అయ్యో, వద్దన్నా!" మల్లమ్మ పళ్లెం మీద చెయ్యి కప్పింది. మళ్లీ అడిగాను. మళ్లీ వద్దన్నది. ఆగిపోవాలని నా చదువంతా చెబుతూనే ఉన్నది. మూడోసారి అడగలేదు, పోశాను. కొంత ఆమె గాజుల మీద, కొంత తెల్లని బల్లగుడ్డ మీద పడింది. ఆమె కిసుక్కున నవ్వి చెయ్యి తీసేసింది.

పెంటయ్యగారు ఇంకా నిలబడే ఉన్నారు. ఆయన పళ్లెంలో రెండు గరిటెలు వేసి, పక్కనే నిలబడ్డాను. ఆయన పళ్లెం వైపు చూశారు, నా చొక్కా మీది కూర మరక వైపు చూశారు. చివరకు కూర్చుని రొట్టె తుంచారు. మరొక గరిటె వేశాను. "సాలు" అన్నారు. ఇది నిజమైన చాలో కాదో తెలియక మరొకటి వేశాను. ఆయన తలెత్తకుండా తింటూనే ఉన్నారు.

"ఏం బావా," అన్నారాయన ఉన్నట్టుండి, "గట్లనే నిలబడ్తవా? నువ్వు తినవా?"

అప్పటిదాకా సారూ అన్న మనిషి. అనసూయమ్మ కొంగుతో కళ్లొత్తుకున్నది. మా అమ్మాయి వేణు వైపు చూడలేక ఉప్పుసీసా వైపు చూసింది.

నేను కూర్చున్నాను. పెంటయ్యగారు నా చేతిలోంచి గిన్నె లాక్కుని, అడుగున మిగిలినదంతా నా పళ్లెంలో గుమ్మరించారు. నాకు నిజంగానే ఆకలి లేదు. చాలని మూడుసార్లు చెప్పాను.

"సురేషూ," అన్నారు పెంటయ్యగారు, "బావకు ఇంకో గిన్నె తేరా!"