సున్నా కట్టినవాడి ఉపన్యాసం

డెల్మర్ ఉబ్బెన్ చేతికి అరవై ఎనిమిదేళ్ళలో ఎవరూ మైకు ఇచ్చిన పాపాన పోలేదు. ముప్పై ఏళ్ళు రాష్ట్ర రహదారుల శాఖలో మంచు తోసే బండి నడిపాడు. ఆ బండిలో తను చెప్పింది తనే వినాలి. యాభై అయిదో ఏట రిటైరయ్యాక నోరు తెరిచాడు. పదమూడేళ్ళయింది, ఇంకా మూయలేదు.

ఆయన మాట్లాడేది ఒక్క పన్నుల గురించే. కాఫీ హోటల్ మూల బల్ల దగ్గరా, చర్చి మెట్ల మీదా, ఆఖరికి మంగలి కత్తి మెడ మీద ఉన్నప్పుడు కూడా అదే గోల.

ఈ నవంబరులో ఇల్లినాయ్ ఓటర్ల ముందుకి ఒక ప్రశ్న వచ్చింది. ఆదాయప్పన్ను అందరికీ ఒకే రేటున కాకుండా, బాగా గడించేవాళ్ళకి ఎక్కువ రేటు వేద్దామా వద్దా? ప్రభుత్వోద్యోగుల పెన్షన్లకి పెట్టాల్సిన డబ్బు ఏళ్ళ తరబడి పెట్టక ఆ గొయ్యి పాతాళానికి చేరిందనీ, పూడ్చాలంటే ఇదొక్కటే దారనీ కావాలన్నవాళ్ళ వాదన. డెల్మర్‌కి ఆ గొయ్యి సంగతి అక్కర్లేదు. సొంత ఖర్చుతో నలభై బోర్డులు రాయించి ఫైర్ స్టేషన్ నుంచి తన ఇంటిదాకా రోడ్డు పక్కన పాతాడు. "పన్ను కట్టేవాడిదే మాట" అని వాటి మీద ఎర్రటి అక్షరాలు.

"పన్ను పెంచకూడదు. పెన్షన్ మీద చెయ్యి వెయ్యకూడదు. రోడ్లు అద్దంలా ఉండాలి" అన్నాడు మూల బల్ల దగ్గర.

"మరి డబ్బెక్కణ్ణించి వస్తుందిరా?" అన్నాడెవరో.

"దుబారా తగ్గిస్తే సరి."

"దుబారా అంటే?"

"షికాగో!" అన్నాడు డెల్మర్. ఆ చుట్టుపక్కల ఏ ఖర్చుకైనా నింద ఆ మహానగరం మీదే. బల్లంతా ఘొల్లుమంది. ఇక లెక్క తేలిపోయినట్టే.

ఈ వాగ్ధాటి ఇన్సూరెన్సు ఏజెంటు రస్ గెర్కె చెవిన పడింది. వద్దనేవాళ్ళ సంఘాన్ని నడిపేది ఆయనే.

"శనివారం మధ్యాహ్నం ఫైర్ స్టేషన్ హాల్లో సభ. ముందు బీన్స్ కూరతో భోజనాలు, తర్వాత ప్రసంగాలు. ఆఖరి మాట నీదే డెల్మర్" అన్నాడు. "ఒక్కటే షరతు. మాట్లాడే ప్రతివాడూ పోయినేడు రాష్ట్రానికి కట్టిన పన్ను కాగితం జనానికి చూపించాలి. 'నా దగ్గర ఇంత లాగారు' అని చెప్పాలి. కడుపు మండాలి జనానికి."

"మండిస్తా" అన్నాడు డెల్మర్.

ఇంటికొచ్చి లోర్నాని అడిగాడు. ఇంట్లో పన్ను కాగితాలు నింపేది ఆవిడే. ఏటా ఏప్రిల్లో వంటింటి బల్ల మీద పెట్టి వేలితో చోటు చూపిస్తుంది, ఆయన రాష్ట్రాన్ని తిట్టుకుంటూ సంతకం పెడతాడు. ఏనాడూ చదివిన పాపాన పోలేదు.

లోర్నా అట్టపెట్టెలోంచి కాగితం తీసి ఇచ్చింది. డెల్మర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. తీశాడు. తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇక్కడ సున్నా ఉందేమిటే?"

"కట్టింది సున్నా గనక."

"నేనా?"

"పెన్షన్ మీద మన రాష్ట్రం ఆదాయప్పన్ను వెయ్యదు డెల్మర్. పదమూడేళ్ళుగా నువ్వు పైసా కట్టలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడైనా ఊపిరి తీసుకున్నావా, చెప్పడానికి?"

బోర్డు మీద తను రాయించిన మాటే తన మెడకి చుట్టుకుంది. పన్ను కట్టేవాడిదే మాట అయితే తనకి మాటే లేదు. మానేద్దామంటే, పుట్టి బుద్ధెరిగాక వచ్చిన మొదటి మైకు!

కోడలు ట్రీనా గుర్తొచ్చింది. ఇప్పుడు ఆ మంచు బండి నడిపేది ఆ పిల్లే. మామగారి దగ్గరే పని నేర్చుకుంది. మర్నాడు డిపోకి వెళ్తే, బండి కింద పడుకుని బోల్టులు బిగిస్తోంది.

"అమ్మాయ్, నీ పన్ను కాగితం ఒకసారి ఇస్తావా? పేరున్న చోట బొటనవేలు అడ్డం పెడతాలే."

ట్రీనా బండి కిందనుంచి బయటికొచ్చింది. సంగతంతా విని, గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అంది:

"పోయినేడు నేను కట్టింది రెండువేల తొమ్మిదివందల డాలర్లు మావయ్యా. మీరు యాభై అయిదుకి దిగిపోయారు. తర్వాత చేరినవాళ్ళకి రూలు మార్చారు, నేను అరవై ఏడు దాకా ఈ స్టీరింగు పట్టుకోవాలి. ఆ తర్వాత వచ్చే పెన్షన్ కూడా మీ అంత రాదు. ఇప్పుడు నా కాగితం కూడా మీరే ఊపుతారా?"

"ఒక్క అయిదు నిమిషాలే!"

"మీ కాగితమే చూపించండి. శనివారం నేనూ వస్తాను, వెనక నిలబడతాను. మీరేం చూపిస్తారో నేను చూడాలి."

శనివారం హాలు కిటకిటలాడింది. అంతా నెరిసిన తలలే. బయట మబ్బు కమ్మి, సీజన్లో మొదటి మంచు రాలడం మొదలైంది. ట్రీనా నారింజరంగు కోటులోనే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏ నిమిషంలోనైనా డిపో నుంచి పిలుపు రావచ్చు.

రస్ తన కాగితం ఊపాడు. జనం "అయ్యయ్యో" అన్నారు. మొక్కజొన్న రైతొకడు ఊపాడు. ఇంకా గట్టిగా "అయ్యయ్యో" అన్నారు. తర్వాత డెల్మర్ మైకు అందుకున్నాడు. జేబులో లోర్నా ఇచ్చిన కాగితం ఉంది. తలుపు దగ్గర నారింజరంగు కోటు ఉంది.

"నా పేరు డెల్మర్ ఉబ్బెన్" అన్నాడు. "పోయినేడు రాష్ట్రానికి నేను కట్టింది..."

కోడలి మొహంలోకి చూశాడు. అబద్ధం వచ్చి నాలుక చివర కూర్చుంది, దిగనంది.

"సున్నా."

రస్ మొహం పాలిపోయింది. ట్రీనా పెదాల మీద మాత్రం చిన్న నవ్వు మెరిసింది. పదమూడేళ్ళలో మామగారు నిజం మాట్లాడి ఆగడం ఆ పిల్ల చూడటం అదే మొదలు.

అప్పుడు ముందు వరసలోంచి డొరొతియా మేడమ్ లేచింది. ఊళ్ళో సగంమందికి ఎక్కాలు నేర్పి రిటైరైన టీచరమ్మ.

"నాదీ సున్నాయే!" అంది.

"నాదీ!" అన్నాడు ఒకప్పటి జైలు కాపలాదారు.

"మా ఇద్దరిదీ!" అన్నారు పోస్టాఫీసు దంపతులు. హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు, ఈలలు.

"ఈ సున్నాని ప్రాణం పోయినా కాపాడుకుందాం!" అని డొరొతియా మేడమ్ పిడికిలెత్తింది.

ఈ ఓటుకీ ఆ సున్నాకీ సంబంధం ఉందో లేదో అడిగినవాడు లేడు. రస్ గెర్కె తెలివైనవాడు, గాలివాటం చూసి అప్పటికప్పుడు డెల్మర్‌ని సంఘానికి అధ్యక్షుణ్ణి చేసి కోటుకి బిళ్ళ గుచ్చాడు. డెల్మర్ తలుపు వైపు చూశాడు. నారింజరంగు కోటు అక్కడ లేదు. పిలుపు వచ్చిందో, అక్కర్లేకుండానే వెళ్ళిందో తెలియలేదు.

సభ ముగిసి బయటికొచ్చేసరికి రోడ్డు కనబడటంలేదు. బీన్స్ తిన్న పెద్దలంతా షెడ్డు కింద నిలబడి కాళ్ళు తపతప కొట్టుకుంటున్నారు.

"ఇంకా బండి రాలేదేం?" అని డొరొతియా మేడమ్ ఫోన్లో రహదారుల ఆఫీసు మీద విరుచుకుపడింది. "మేం పన్నులు కట్టేది ఎందుకనుకున్నారు?"

డెల్మర్ జేబులో కాగితం నలిపాడు.

ఇంతలో మలుపు దగ్గర పసుపు దీపం తిరుగుతూ బండి వచ్చింది. రోడ్డు మధ్యలో నల్లటి దారి పరుచుకుంటూ, మంచుని అలలా పక్కకి విసురుతూ సాగింది. ఒక బోర్డు మునిగింది. ఇంకోటి మునిగింది. వరసగా కనబడినంత మేరా ఎర్ర అక్షరాలు ఒక్కటీ మిగల్లేదు.

"అయ్యో, పాపం, మంచులో ఆ అమ్మాయికి బోర్డులు కనబడలేదేమో!" అన్నాడు రస్.

డెల్మర్‌కి తెలుసు. ముప్పై ఏళ్ళు ఆ బండి నడిపినవాడాయన. మంచు అంత దూరం, అంత ఎత్తున పడాలంటే వేగం పెంచి, బండి ముందున్న మంచు తోసే రేకుని కుడివైపు పూర్తిగా తిప్పి పట్టుకోవాలి. చూడకుండా చేసే పని కాదు. ఆ ఒడుపు ట్రీనాకి నేర్పింది తనే.