తెర వలదన్న కర్నెలు

ఆషాఢమేఘమాలికాసమాచ్ఛాదితమగు గగనమండలమునుండి తెల్లవారుజామున మొదలైన సన్నని జల్లు పొద్దెక్కినను వదలక విజయనగరపు పెంకుటిండ్ల చూరులవెంట ధారలు కట్టి కోటగోడల నాచును నిగనిగలాడించుచు త్రోవన పోవువారిని అరుగులమీదికి తరుముచు ఊరినంతను ఒక పెద్ద కునుకుపాటులో ముంచియుండెను. ఆ కునుకు సోకని చోటొక్కటి కలదు. అది కోటకు పడమటి వీథిలోని అంధుల పాఠశాలయందలి కంప్యూటరు గది.

ఆ గదిలో పట్టపగలును చీకటియే. కంప్యూటరు తెరపై ఎల్లప్పుడు ఒక పాత కండువా కప్పబడియుండును. యంత్రము తాను వ్రాసినదానినెల్ల గొంతెత్తి చదివి వినిపించుచుండగా చెవులతోనే సర్వము నడపుకొనువారికి దీపమేల, తెరయేల? ఇది పుట్టంధుడును బహుగ్రంథశ్రవణపారంగతుడును అభిమానధనుడును అగు జగన్నాయకులు మాస్టారు పెట్టిన కట్టడి. చూపున్నవారెవరైన ఆ గదిలో అడుగిడి బల్లకు మోకాలు కొట్టుకొన్నచో ఆయన ముసిముసినవ్వులు నవ్వుకొనుట బడియంతయు ఎరిగినదే. చూపున్నవారిని సాయమడుగుటన్న మాత్రము ఆయనకు తల తీసివేసినట్లుండును.

అట్టి మాస్టారికి గట్టి చిక్కు వచ్చిపడెను. కాగితముపై చుక్కలు పొడిచి బ్రెయిలీ పుస్తకములు అచ్చొత్తు ముసలి యంత్రమొకటి ఆ బడిలో కలదు. పసితనమున మాస్టారు వ్రేళ్లతో తడిమి నేర్చిన మొదటి అక్షరములు దాని చుక్కలే. పాత కంప్యూటరు చెడి క్రొత్తది వచ్చినది మొదలు ఆ యంత్రము మూగవోయెను. క్రొత్త కంప్యూటరుకు ప్రాణమువంటిదగు కర్నెలు అను మూలవ్యవస్థ ఇట్టి ముసలివానితో మాటలాడుట ఎన్నడో మానివేసినది. పదవతరగతి పిల్లలకు చదువుకొన పుస్తకములు లేవు, క్రొత్త అచ్చుయంత్రము కొను తాహతు బడికి లేదు. ఆనాటి సాయంకాలమునకు ముసలియంత్రము పలికినచో ఉంచుదమనియు లేనిచో పాత ఇనుము క్రింద తూచి యిత్తుమనియు బడి కమిటీవారు తీర్మానించి వ్యాపారిని గూడ రమ్మనిరి. కర్నెలును ముసలియంత్రపు భాషతో చేర్చి తిరిగి కంపైలు చేయుట, అనగా భాగములను ఏరి మరల ఒక్కటిగా కూర్చుట, ఒక్కటే మిగిలిన దారి. ఆ పని మాస్టారు అంతకుమున్నెన్నడును చేసి యెరుగడు.

ఆ ఉదయమున కంప్యూటరు కర్నెలులోని ఒక్కొక్క భాగము పేరు చదివి కావలయునా యని అడుగుచుండగా మాస్టారు అవుననియు కాదనియు మీటలు నొక్కుచుండెను. తెరపై అక్షరములు చూపు భాగముల వంతు వచ్చినప్పుడు ఆయన మోమున చిరునవ్వు మొలచెను. ఈ గదిలో తెరతో ఎవరికి పని? అన్నింటిని వలదనెను. తక్కినవానిలో తెలిసినవానిని ఉంచి తెలియనివానిని కొన్ని కర్నెలులోను కొన్ని విడిగా, సమస్తము దాచియుంచు డిస్కులోను తోచినట్లు సర్దెను. కంపైలు ముగియుసరికి మధ్యాహ్నమాయెను. మాస్టారు దేవునికొక దండము పెట్టి కంప్యూటరును ఆపి మరల వెలిగించెను.

అది పలుకలేదు.

లోపలి పంఖా తిరుగుచున్నది, వెచ్చదనము చేతికి తగులుచున్నది, గొంతు మాత్రము లేదు. ముందుజాగ్రత్తగా అట్టిపెట్టిన పాత కర్నెలుతో లేపినచో గడగడ పలుకుచున్నది, క్రొత్తదానితో లేపినచో మరల మౌనమే. గొంతు మేల్కొనుటకు మున్నే క్రొత్త కర్నెలు ఎక్కడనో కూలబడుచున్నదని ఆయన గ్రహించెను. కూలబడిన కారణమును తెరపై వ్రాయుట దాని స్వభావము. దానిని చదువుటకు కన్నులు కావలయును. మాస్టారు చాలసేపు తటపటాయించి గర్వమును దిగమ్రింగి ప్రక్కగదిలో వయొలిను శ్రుతి చేసికొనుచున్న సంగీతపు పంతులమ్మ నీలవేణిని పిలిచెను. బడిలో చూపుగల కొద్దిమందిలో ఆమె యొకతె.

"నీలవేణమ్మా, ఒకసారొచ్చి ఈ తెరమీద ఏటుందో సదివి పెడతావా?"

"ఏటి మాస్టారూ, ఇన్నాళ్లకి నా కళ్లతో పనిపడిందా?" అనుచు వచ్చి ఆమె అలవాటు చొప్పున బల్లకు మోకాలు కొట్టుకొని కండువా తొలగించెను. "ఏటీ లేదండి. అంతా నలుపే. ఒక్క అచ్చరం కూడా లేదు."

తెరను వలదన్నది తానే కదా! తనకు పనికిరాదని తాను తీసివేసినది తనకు సాయపడ వచ్చినవారి చూపని అప్పుడాయనకు తెలియవచ్చెను. ఆ బల్లయొద్ద నవ్విన నవ్వులన్నియు గుర్తునకు వచ్చి సిగ్గుతో తల వంచుకొనెను.

"తప్పు నాదేనమ్మా. తెర మనకెందుకని నేనే తీసీసినాను."

"దానికేటి, మళ్లీ పెట్టీండి. నేనిక్కడే కూకుంటాను."

మాస్టారు పాత కర్నెలుతో కంప్యూటరును లేపి తెరభాగములను మరల చేర్చెను. మార్పు కొంచెమే కావున ఈసారి అంత ప్రొద్దు పట్టలేదు. తెర వెలిగెను. తనకర్థము గాని ఆంగ్లపదములను నీలవేణి కూడబలుకుకొనుచు చదువగా చివరి పంక్తియొద్ద మాస్టారు చేయెత్తి ఆపెను. డిస్కును తెరువజాలక ఆగిపోయితినని ఆ పంక్తికి భావము.

"అర్థమైందమ్మా. డిస్కును తెరిసే భాగాన్ని తీసుకెళ్లి డిస్కులోనే పెట్టీసినాను. తాళంచెవి పెట్టెలో ఏసి పెట్టెకి తాళం ఏసినట్టయింది."

నీలవేణి పకపక నవ్వెను. మాస్టారును నవ్వెను. ఆ భాగమును కర్నెలులోనే కలిపి మరల కంపైలునకు పెట్టినంతలో వీథిలో తోపుడుబండి చప్పుడాయెను. ఇనుప వ్యాపారి సూరప్పడు తడిసి ముద్దయి వరండాలో నిలిచి సామానెక్కడని అడిగెను.

"కాస్త టీ తాగి తీసుకెల్దువు గాని కూకో బాబూ" అని నీలవేణి వానిని ఆపి గ్లాసు చేతికిచ్చివచ్చెను.

టీ చల్లారకమున్నే కంపైలు ముగిసెను. మాస్టారు మీట నొక్కెను. తెరపై పంక్తులు పరుగులు తీయుచున్నవని నీలవేణి చెప్పుచుండగనే కంప్యూటరు గొంతు విప్పి ఆమె మాటకు అడ్డువచ్చెను. మరు నిమిషమున ముసలియంత్రము ఒళ్లు విరుచుకొని టకటకమని చుక్కలు పొడువసాగెను. మొదటి కాగితమును తడుముచున్న మాస్టారి కన్నులు చెమ్మగిల్లెను.

సూరప్పడు గుమ్మములోనుండి తొంగిచూచి, "ఇంత సక్కగా కొడతన్న మిసను పాత ఇనుమన్నారేటండీ" అని గొణుగుకొనుచు ఖాళీబండితో వెడలిపోయెను.

ఆ వారములోనే మాస్టారు కండువాను తీయించి ఆ గదిలో బల్లపైన ఒక విద్యుద్దీపమును పెట్టింపబూనెను. బిగింపవచ్చిన పనివాడు నిచ్చెనమీదనుండి ఊరకుండలేక, "కళ్లులేనోళ్ల గదిలో దీపం ఎవులికండీ?" అని అడిగెను.

"కళ్లున్నోళ్లకి నాయనా" అనెను మాస్టారు. "పాపం, సీకట్లో ఆళ్లకి ఏటీ కనపడదు."

ఆ దీపము నేటికిని ఆ గదిలో పగలెల్ల వెలుగుచున్నది.