ఊరుకున్నాడంటే బాగున్నట్టే

మేస్త్రీ ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఊళ్ళో సగం మోటారు సైకిళ్ళు ఆయన చేతిలో బాగుపడ్డవే. ఆయన దగ్గర పని నేర్చినవాళ్ళు పేటకొకరున్నారు, వాళ్ళలో ఒక్కడికైనా 'శభాష్' అన్న మాట దక్కలేదు. పని చెడితే తిట్టేవాడు. కుదిరితే ఏమీ అనకుండా పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయేవాడు. ఊరుకున్నాడంటే బాగున్నట్టే. మెచ్చి మేకతోలు కప్పేవాళ్ళు కావాలంటే ఇంకో షెడ్డు చూసుకోవాల్సిందే.

ఆ ఊరుకోవడం ఆయన కొడుక్కి మాత్రం ఎన్నడూ దక్కలేదు. కొడుకు మందుల దుకాణంలో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు. కుర్రతనంలో స్పానర్ పట్టిన ప్రతిసారీ తిట్లు తిని, చివరికి షెడ్డు వైపు వెళ్ళడమే మానేశాడు. పండితపుత్రుడని అక్కడివాళ్ళు వెనక నవ్వుకునేవారు. నవ్వినవాళ్ళు మర్చిపోయారు గానీ, జుట్టు నెరుస్తున్నా అతనికి ఆ ముల్లు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

పక్షవాతం వచ్చి మేస్త్రీకి మాట పడిపోయింది, కుడి చెయ్యి చచ్చుబడింది. చెవులు మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. గుండె బాగా నీరసించిందనీ, ఎక్కువ కాలం ఆశ పెట్టుకోవద్దనీ డాక్టరు చెప్పాడు. ఆయన పోయేలోగా ఒక్క పనైనా ఆయన ఊరుకునేలా చెయ్యాలి. కొడుకు మనసులో ఇక అదొక్కటే ఉంది.

వీధి వైపు షట్టర్ ఉన్న ముందుగదిలో మేస్త్రీ సొంత బండి దుమ్ము కొట్టుకుపోయి ఉంది. పాతది, రెండు సిలిండర్లది, సిలిండరుకో కార్బురేటరు. రెండూ సమానంగా గాలీ పెట్రోలూ అందించాలి, ఒకటి వెనకబడితే ఇంజను కుంటుతుంది. ఇప్పటివాళ్ళు గేజీలు పెట్టి చూస్తారు. మేస్త్రీ చెవి పెట్టి చూసేవాడు. ఇప్పుడు చెవి తండ్రిది, చెయ్యి కొడుకుది.

తండ్రి మంచం లోపలి గదిలో ఉంటుంది. చప్పుడు ఆయనకు బాగా వినపడాలని కొడుకు బండిని తిప్పి, సైలెన్సర్లు లోపలి గుమ్మం వైపు ఉండేలా నిలబెట్టాడు. ఆయన ఎడమ చేతిలో స్టీలు చెంచా పెట్టాడు. ఎడమ కార్బురేటరు తేడాగా ఉంటే మంచం పట్టీ మీద ఒక దెబ్బ, కుడిదైతే రెండు. బాగుంటే ఏం చెయ్యాలో అనుకోలేదు. ఆ ఇంట్లో దానికి వేరే సైగ అక్కర్లేదు.

పనికి వెళ్తూ భార్య గుమ్మంలో ఆగింది. "షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంచండి. మామయ్య అసలే ఆయాసపడుతున్నారు," అంది.

ఎత్తాడు కూడా. ఇంజను అందుకోగానే ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు వచ్చాడు. ఆయన కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. జ్వరంతో ఉన్న మనవరాలికి ఇప్పుడే కునుకు పట్టిందనీ, ఇది ఇల్లా కార్ఖానానా అనీ కసిరాడు. పల్లెత్తు మాట ఎదురు చెప్పలేని కొడుకు, కాసేపే కదా అనుకుని షట్టర్ దింపేశాడు. తను కూర్చున్న చోట మాత్రం కింద జానెడు సందు వదిలాడు. లోపలి గది కిటికీ చలికని పొద్దుటినుంచీ మూసే ఉంది. మొహమాటానికి పోతే ముప్పు తప్పదంటారు. ఆ ముప్పు మొహమాటపడ్డవాడికే వస్తే ఎంత బాగుండేది.

స్క్రూడ్రైవర్ పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. పట్టీ మీద రెండు దెబ్బలు పడ్డాయి. కుడి స్క్రూ కాస్త తిప్పాడు. ఒక దెబ్బ. ఎడమది బిగించాడు. మళ్ళీ ఒకటి, ఈసారి విసురుగా. తిట్టు తిన్నట్టే తల దించుకుని వదులు చేశాడు. తల దిమ్మెక్కుతుంటే పెట్రోలు వాసనేలే అనుకున్నాడు, సందులోంచి వచ్చే గాలికి మొహం పెట్టాడు. పొగ మాత్రం సైలెన్సర్లు చూపించిన దారినే లోపలికి పోతోంది.

దెబ్బలు రానురాను ఆలస్యమయ్యాయి, మెత్తబడ్డాయి. నాన్నకు తప్పు వెతుక్కోవాల్సి వస్తోందని అతనికి ఒళ్ళు పొంగిపోయింది. ఎడమ స్క్రూ ఇంకో వెంట్రుకవాసి తిప్పి ఆగాడు. దెబ్బ పడలేదు. ఊపిరి బిగబట్టి చూశాడు. పడలేదు.

అతనికి ఏడుపొచ్చింది. ఇంజను ఆపాల్సింది, ఆపలేదు. నాన్న ఇన్నాళ్ళకు ఊరుకున్నాడు, తనివితీరా విననీ అని అలాగే ఆడించాడు, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటూ.

తర్వాత లోపలికి వెళ్ళి పిలిచాడు, కుదిపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కిటికీ తెరిచాడు, షట్టర్ ఎత్తాడు. పొగ వల్లేనన్నాడు డాక్టరు. ఆరోగ్యవంతుడికి తలనొప్పితో పోయేది ఆ గుండెకు చాలిందన్నాడు. భార్య షట్టర్ వైపు చూసి మొహం తిప్పుకుంది.

అతను బతికి బట్టకట్టింది ఒకే ఒక్క ఊరటతో. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ, అడిగినా అడక్కపోయినా, నాన్న చివరికి ఊరుకున్నాడని చెప్పాడు. మేస్త్రీని ఎరిగినవాళ్ళకు ఆ మాట విలువ తెలుసు. వాళ్ళు అతని భుజం తట్టి వెళ్ళారు.

మేస్త్రీ మొదటి శిష్యుడు, అందరూ పొడుగోడు అనే ఆయన, పొరుగూళ్ళో ఉండి ఆలస్యంగా వచ్చాడు. మంచం ఉన్న గది చూసి చాలాసేపు ఏడ్చాడు. ఈ బండి కళ్ళ ముందు ఉండకూడదని కోడలు అంటే, తీసుకెళ్తానన్నాడు. వీధిలోకి తోసి కిక్ కొట్టాడు. ఇంజను అందుకుంది. అలవాటు కొద్దీ తల వంచి విన్నాడు.

"ఎడమది బాగా వెనకబడింది తమ్ముడూ. ఈ చప్పుడు వింటే మేస్త్రీ ఊరుకునేవాడా?"

కొడుకు చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు. తను సంతోషంతో ఏడుస్తూ ఇంజను ఆడించినంతసేపూ లోపల వినేవాళ్ళెవరూ లేరు.

"నాన్న విన్లేదన్నా," అన్నాడు.