అంచు గీత

మా అన్నయ్య చేతిని ఎవరైనా ఒక్క మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న మెషిన్ మెకానిక్ అన్నాడు. క్యాపులు చెక్కే మెషిన్‌ని ఆ నెలలో రెండోసారి విప్పి, కొలతలన్నీ సరిచూసి, ఏ లోపమూ లేదని తేల్చి, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వ్యవహారం అని నవ్వుతూ స్క్రూలు బిగించాడు. ఇంకోసారి ఆ మాటంటే పళ్లు రాలతాయనీ, రాలిన పళ్లకి క్యాపులు మాత్రం మేం వెయ్యమనీ చెప్పి పంపించాను. ఇంట్లో నన్ను మిరియం అని పిలిచేది ఊరికే కాదు.

అన్నయ్య పళ్ల డాక్టరు. కింద తన క్లినిక్కు, పైన నా ల్యాబు. పాడైన పన్నుని తను చుట్టూ అరగదీసి చిన్న మొద్దులా చేస్తాడు, బుల్లి కెమెరాతో స్కాన్ తీసి పైకి పంపుతాడు. ఆ మొద్దుకి సరిపోయేలా నేను కంప్యూటర్లో క్యాపు గీస్తాను, మెషిన్ చెక్కుతుంది. క్యాపు పంటిని కలిసే చోట సందు వెంట్రుక మందం దాటకూడదు. దాటితే తిండీ నీళ్లూ లోపలికి దూరి కింద ఉన్న పన్ను పుచ్చిపోతుంది. ఇరవై ఏళ్లుగా అన్నయ్య చేతికి పెట్టింది పేరు. ఈ చదువు చదివే పిల్లలు తను అరగదీసిన పన్ను చూడ్డానికే వచ్చేవాళ్లు. ఆ పేరులో సగం నాదేనని లోలోపల అనుకుంటుంటాను గానీ పైకి అనను.

ఎనిమిది నెలల కిందట క్యాపులు తిరిగి రావడం మొదలైంది. ముందు జిర్కోనియా అనే గట్టి పింగాణీ రకంతో చేసినవి వచ్చాయి. కొలిమిలో కాల్చినప్పుడు జిర్కోనియా కుంచించుకుపోతుంది, తేడా అక్కడే వస్తోందన్నాడు అన్నయ్య. గాజు సిరామిక్‌కి మారాం. అవీ వచ్చాయి. చెక్కేటప్పుడు గాజు అంచు చిట్లుతోందనుకున్నాం. ప్లాస్టిక్ లాంటి రెజిన్‌కి మారాం, అదీ అదే తంతు. మా పేషెంట్లలో లెక్కల మేడం ఒకావిడైతే ఒక్క పంటికే మూడు రకాలూ వేయించుకుని మూడూ తీయించుకుంది. తీసిన ప్రతిసారీ ఆ పన్ను మళ్లీ కాస్త అరిగింది. ఇక మిగిలింది పిసరంత. నాలుగోసారి చెడితే పీకడమే. ఆవిడని సోమవారం నాలుగింటికి రమ్మన్నాం. ఏ రకం సరిగ్గా కూర్చుంటుందో ఆలోగా తేల్చడం నా పని.

పరీక్ష కోసం అన్నయ్య ఎప్పుడో పీకి దాచిన దవడ పన్నొకటి ప్లాస్టర్‌లో నిలబెట్టి, నోట్లో ఉన్నదాన్ని అరగదీసినట్టే అరగదీసి ఆదివారం నా చేతిలో పెట్టాడు. ఆవిడ పన్ను పోతే మళ్లీ ఆవిడకి మొహం చూపించలేనన్నాడు. ఒక్క స్కాన్ తీసి, దాన్నుంచే మూడు రకాల క్యాపులూ చేశాను. సోమవారం పొద్దున ఒక్కో క్యాపులో పల్చటి సిలికాన్ పోసి, పంటి మీద నొక్కిపట్టి, గట్టిపడ్డాక తీశాను. క్యాపుకీ పంటికీ మధ్య ఎంత సందుంటే సిలికాన్ పొర అంత మందాన వస్తుంది. ఆ పొరల్ని బ్లేడుతో నిలువునా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాను.

జిర్కోనియా పొర చాలా చోట్ల సగం వెంట్రుక మందం కూడా లేదు. నాలుక వైపు రెండు చోట్ల మాత్రం మూడు వెంట్రుకలంత ఉంది. దొరికావే అనుకున్నాను. గాజుది పెట్టాను. అవే రెండు చోట్లు, అదే మందం. రెజిన్‌ది పెట్టాను. అదీ అంతే.

కుర్చీ వెనక్కి జరిపి గోడ వంక చూస్తూ కూర్చున్నాను. కుంచించుకుపోయేది ఒకటి, చిట్లేది ఇంకొకటి. మూడింటికీ మూడు రకాల జబ్బులుండాలి. మూడింటికీ ఒకే చోట ఒకే జబ్బంటే తప్పు వాటిది కాదు, వాటికంటే ముందున్నదానిది. మెషిన్‌లో లోపం లేదని తేలిపోయింది కాబట్టి ముందున్నవి రెండే. ఒకటి నేను గీసిన గీత, రెండోది అన్నయ్య అరగదీసిన పన్ను.

క్యాపు ఎక్కడ ఆగాలో చెప్పే అంచు గీత గీసేది నేనే. పన్ను చుట్టూ అన్నయ్య వదిలిన సన్నటి మెట్టు వెంబడే ఆ గీత సాగాలి. కొన్నాళ్లుగా స్కాన్లలో ఆ మెట్టు అలలు అలలుగా కనపడుతోంది. ఉమ్ము మెరిసో నాలుక కదిలో కెమెరా తడబడుతోందనుకున్నాను. అన్నయ్య మెట్టు ఎలా ఉంటుందో నాకు తెలియదా? గాజు గ్లాసు అంచులా ఉంటుంది. అందుకని ప్రతిసారీ ఆ అలల్ని నునుపు చేసేదాన్ని. ఒక్క బటన్ నొక్కితే సరిపోతుంది. నిన్నటి పంటికీ అదే చేశాను. ప్లాస్టర్‌లో ఉన్న పంటికి ఉమ్మెక్కడిది, నాలుకెక్కడిది? నొక్కేటప్పుడు ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఆ పన్నునే తీసుకెళ్లి మైక్రోస్కోప్ కింద పెట్టాను. అలలు పంటి మీదే ఉన్నాయి.

పాత స్కాన్లన్నీ తెరిచాను. కిందటేడాదివి నున్నగా ఉన్నాయి. ఎనిమిది నెలల కిందటి దాంట్లో ఒక చిన్న వంకర. ఆ తర్వాత నెలనెలా వంకరలు పెరిగాయి. లెక్కల మేడంవి మూడు స్కాన్లు వరసగా పెట్టి చూస్తే ఒక్కోదాంట్లో పన్ను చిన్నదవుతూ వంకరలు పెద్దవవుతున్నాయి. నేను నునుపు చేసినవి లెక్కపెడితే ముప్పై ఏడు వచ్చాయి. ముప్పై ఏడు సార్లు క్యాపు నా గీత దగ్గర ఆగింది, పన్ను ఇంకెక్కడో ఆగింది. గడియారం చూస్తే నాలుగు దాటుతోంది.

మెట్లు దిగి వెళ్లేసరికి మేడం కుర్చీలో వెనక్కి వాలి ఉంది. అన్నయ్య మత్తు ఇంజెక్షన్ ఇచ్చేశాడు. ఒక్కసారి ఇలా రమ్మని పక్కగదిలోకి పిలిచాను. నిమిషంలో పోవచ్చని గ్లవ్స్ తీయకుండానే వచ్చాడు. ఏది గెలిచిందని అడిగాడు. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, మైక్రోస్కోప్ కింద తీసిన ఆ పంటి అంచు ఫోటో చూపించాను. అన్నయ్య వంగి చూశాడు. వేరే క్లినిక్కుల పనీ నాకొస్తుంటుంది కాబట్టి వాటిలో ఏదో అనుకున్నాడు.

"ఎవరిదిది? చెయ్యి నిలవట్లేదు వీడికి," అన్నాడు. "ఎవరో గానీ, ముందు డ్రిల్లు కింద పెట్టమను. పాపం జనం పళ్లు."

"నీదే అన్నయ్యా. ఆదివారం ఇచ్చిన పన్ను."

ఎప్పటిలా ఆటపట్టిస్తున్నాననుకుని నవ్వాడు. నా మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. స్కాన్లు నెలల వారీగా ఒక్కొక్కటీ చూపించాను. మేడంది మూడోది వచ్చేసరికి పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"చొక్కా గుండీలు పెట్టుకోడానికి ఈమధ్య చాలాసేపు పడుతోంది. వయసేమో అనుకున్నా," అన్నాడు. ఆ వెంటనే నేను భయపడుతున్న మాట అడిగాడు. "ఇన్నాళ్లూ ఇవి నీకు కనపడలేదా?"

"కనపడ్డాయి. నేనే నునుపు చేశాను. నీ చెయ్యి ఇలా చెయ్యదు కదా అని."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మొదటి నెలలోనే నన్ను అడిగుంటే ఆవిడ పన్ను ఇంతదాకా వచ్చేది కాదు," అన్నాడు మెల్లగా, ఏదో కొలత చెప్పినట్టు. లేచి లోపలికి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను.

మేడంకి తనే చెప్పాడు. తప్పు క్యాపులది కాదనీ, తన చెయ్యి వణుకుతోందనీ, ఆ పన్నుని ఇక తను ముట్టుకోననీ, తనకంటే బాగా చేసే డాక్టరు దగ్గరికి రేపు తనే స్వయంగా తీసుకెళ్తాననీ చెప్పాడు. గీత తప్పు గీసింది నేనని నేనూ చెప్పాను. ఆవిడకి సగం మొహం మొద్దుబారి ఉంది. ఎప్పట్నుంచి అని ముద్దగా అడిగింది. ఎనిమిది నెలలన్నాను. ఆవిడ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుని కళ్లు మూసుకుంది.

అన్నయ్య పక్కకి తిరిగి గ్లవ్స్ తీసెయ్యబోయాడు. కుడిచేతిది వేళ్ల దగ్గర పట్టేసింది. సాయం చేద్దామని దగ్గరికి వెళ్లి ఆ చేతి వంక చూశాను. బొటనవేలూ చూపుడువేలూ ఆగకుండా ఆడుతున్నాయి. దానికి మైక్రోస్కోప్ అక్కర్లేదు, గుమ్మంలో నిలబడ్డా కనపడుతుంది. ఎనిమిది నెలలుగా రోజూ మధ్యాహ్నం ఆ చేతికి ఎదురుగా కూర్చునే నేను భోంచేస్తున్నాను.