పేతురు కుర్చీ

మా సంఘంలో పాదాలు కడిగే ఆరాధన రోజున కుడికాలు ఒక్కటే కడుగుతారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగితే ఒక్కరూ చెప్పలేరు. గుడ్ ఫ్రైడేకి ముందు గురువారం సాయంత్రం గుళ్లో ప్రభువు బల్ల ముందు పన్నెండు కుర్చీలు వేస్తారు. యేసు శిష్యుల్లాగా పన్నెండుమంది వచ్చి కూర్చుని కుడికాలి చెప్పు విప్పుతారు. పాస్టరు అయ్యగారు నడుముకి తువాలు కట్టుకుని, ఒక్కొక్కరి ముందూ మోకరించి కడుగుతారు. రెండేసి కాళ్లు కడిగితే పొద్దుపోతుందని వెనకటికి ఏ పాస్టరుగారో అనుకుని ఉంటాడు. ఆ మహానుభావుడి పుణ్యమా అని ఈ గొడవంతా నా నెత్తిన పడింది.

మా ఆయన దర్జీ. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ పన్నెండు కుర్చీల్లో మొదటిది ఆయనదే. దాన్ని పేతురు కుర్చీ అంటారు. అందులో కూర్చున్నవాడు ఒక మాట కూడా చెప్పాలి. ప్రభువు కాళ్లు కడగబోతే పేతురు ముందు వద్దంటాడు కదా, తర్వాత మనసు మార్చుకుని, కాళ్లే ఎందుకు, చేతులూ తలా కూడా కడగమంటాడు. ఆ మాట మా ఆయన పైకి చెప్పేవాడు. ఏడాది పొడుగునా మిషను వెనక గొంతే లేనట్టు బతికే మనిషి, ఆ ఒక్క సాయంత్రం చివరి బెంచీ దాకా వినబడేలా చెప్పేవాడు. సంఘంలో చిన్నా పెద్దా అందరికీ ఆయన పేతురే అయిపోయాడు.

కిందటి వానాకాలంలో షుగరు ముదిరి ఆ కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. మిషను తొక్కే కాలు అదే. ఇంటికొచ్చాక చాలా రోజులు మిషను మీద గుడ్డ కప్పి ఉంచాడు. ఆ తర్వాత స్టూలు కాస్త పక్కకి జరుపుకుని ఎడమకాలితో తొక్కడం మొదలుపెట్టాడు. మొదట్లో కుట్టు అటూ ఇటూ మెలికలు తిరిగేది. "ఇదేం కుట్టయ్యా, తాగి కుట్టావా?" అంటే, "కొత్త పనోడు కదే, నేర్చుకోనీ" అని కాలి వైపు చూపించేవాడు.

ఆ మిగిలిన కాలికి కూడా స్పర్శ సరిగ్గా లేదు. దెబ్బ తగిలినా ఆయనకి తెలియదని, రోజూ అరికాలు చూస్తుండమని డాక్టరమ్మ నాకు గట్టిగా చెప్పింది. సాయంత్రం కాగానే చిన్న అద్దం పట్టుకుని ఆయన ముందు కూర్చునేదాన్ని. ఊరికే చూడనిస్తాడా? చక్కిలిగింతలనేవాడు. స్పర్శ లేని కాలికి చక్కిలిగింతలేంటయ్యా అని నాలుగు తిట్టి, కాలు లాగి ఒళ్లో పెట్టుకుని చూసేదాన్ని. మా ఇంట్లో వైద్యమంతా నా నోటితోనే నడిచేది.

శ్రమల కాలం మొదలయ్యే బుధవారం, నుదుట బూడిద పెట్టించుకున్నాక, ఈస్టరు దాకా ఎవరేం మానేస్తారో లేచి చెప్పడం మా సంఘంలో అలవాటు. సంఘపెద్ద హెడ్మాస్టరుగారు ఎప్పట్లాగే కాఫీ మానేశారు. పాటలు పాడే పిల్లలు ఫోనుల్లో సినిమాలు మానేశారు. నా వంతు వచ్చింది. మనం మానగలిగింది ఏముందా అని చూసుకుంటే నా నోరొక్కటే కనబడింది. "నేను తిట్టడం మానేస్తాను" అన్నాను.

గుడి గుడంతా గొల్లుమంది. అయ్యగారు కూడా ముఖం తిప్పుకుని నవ్వుకున్నారు. అందరికంటే ముందు మా ఆయనే చంకకర్ర నేలకేసి తట్టి, "నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఇంకేం, ఈస్టరు దాకా నాకు ఢోకా లేదు!" అన్నాడు.

మర్నాడు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, సంచీ నిండా గుడ్డలు తెచ్చింది. సిలువకి కప్పడానికి ఊదారంగు గుడ్డ, కాళ్లు తుడవడానికి పన్నెండు తువాళ్లకి తెల్లగుడ్డ. అంచులు మడిచి కుట్టాలి. వాటితోపాటు ఇంటింటికీ తిరిగి పోగుచేసిన పాతబట్టలు రెండు మూటలు. శ్రమల కాలంలో వాటిని బాగుచేసి లేనివాళ్లకి పంచుతాం. చిరుగులు మా ఆయన కుడతాడు, బొత్తాలు నేను వేస్తాను. ఆయన ముందు తువాళ్లే పట్టుకున్నాడు. ఒకటి పూర్తిచేసి ఒళ్లో పరుచుకుని, "ఈసారి ఎడమది చాపాలి" అన్నాడు. ఎవరితో అన్నాడో నాకు తెలియదు. గోడతో అన్నట్టు అన్నాడు.

ఆ వారమే ఇంటి ప్రార్థన మా ఇంట్లో పడింది. ముందుగదిలో చాపలు పరిచాం. పాటలయ్యాయి, ప్రార్థనయింది. అందరూ చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు హెడ్మాస్టరుగారు వంటగది గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించారు.

"చెల్లెమ్మా, ఈసారి మొదటి కుర్చీలో మా బావమరిదిని కూర్చోబెడుతున్నాం. నువ్వే నెమ్మదిగా చెప్పాలి ఆయనకి."

"ఏం మాస్టారూ, ఎందుకని?"

"కుడికాలు పద్ధతి కదమ్మా మనది. అందరి ముందూ... ఆయనే నొచ్చుకుంటాడని కమిటీ అంతా ఆలోచించాం. ఆయన మంచికే."

పక్కగదిలో మా ఆయన తువాళ్లు దొంతర పెడుతున్నాడు. వాటిలో ఒకటి తనకనుకుంటూ పెడుతున్నాడు. ఒళ్లు భగ్గున మండింది. నాలుక కరుచుకున్నాను. కరుచుకుంటే మాత్రం ఆగుతుందా?

"ఎడమకాలు దేవుడు చేసింది కాదా మాస్టారూ? తువాళ్లు కుట్టడానికి పనికొచ్చిన కాలు తుడిపించుకోవడానికి పనికిరాదా? మీ బావమరిదికి రెండు కాళ్లూ దుక్కల్లా ఉన్నాయి, ఆదివారం గుడికి రావడానికి ఒక్కటీ కదలదు!"

"చెల్లెమ్మా, నువ్వు తిట్టడం మానేశావు కదా..."

"ఇది తిట్టు కాదు, సాక్ష్యం!" అన్నాను.

మాస్టారు గొడుగు మర్చిపోయి వెళ్లిపోయారు. నేను ఆ గొడుగు పట్టుకుని తిన్నగా అయ్యగారింటికి పోయాను. అమ్మగారు కూర్చోమన్నా కూర్చోలేదు. మొత్తం చెప్పేసరికి నాకు ఏడుపు వచ్చేసింది. అయ్యగారు లేచి ఆ గొడుగు నా చేతిలోంచి తీసుకున్నారు. "తప్పు మాదేనమ్మా. ఆయన కుర్చీ ఆయనదే. ఎడమకాలు కడుగుతాను" అన్నారు. గుమ్మం దాకా వచ్చి, "కాని అమ్మా, మాస్టారు పెద్దాయన. నీ తీర్మానం సంగతి కూడా చూసుకో" అని మెల్లగా అన్నారు. నాకు సిగ్గేసింది. ఇక ఈస్టరు దాకా సగం మాట కూడా తూలనని ఆ గుమ్మంలోనే ఒట్టు పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి, "గురువారం అయ్యగారు నీ ఎడమకాలు కడుగుతారట" అని మాత్రం చెప్పాను. మా ఆయన వంటగది మాటలు విననట్టే ఉన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "అలాగా" అన్నాడు. పెళ్లినాడు కూడా ఆ ముఖంలో అంత సంతోషం చూడలేదు నేను. నాకు కడుపు నిండిపోయింది.

తర్వాత పాతబట్టల మూటలు విప్పాం. ఎవరెవరి ఇళ్లవో లంగాలు, చొక్కాలు, దుప్పట్లు. విదిలిస్తుంటే గుండీలు రాలేవి, చిల్లర సామాను రాలేది. మా ఆయన ఉత్తకాలితో మిషను తొక్కుతూ వాటి మధ్యే కూర్చునేవాడు. ఒక సాయంత్రం నేను అద్దం తీసుకుని వెళితే కాలికి మేజోడు తొడుక్కుని ఉన్నాడు.

"ఈరోజు నేనే చూసుకున్నాలే. బాగానే ఉంది."

"ఆ మేజోడేంటి?"

"గురువారం దాకా శుభ్రంగా ఉండొద్దూ? అయ్యగారు పట్టుకునే కాలు."

మామూలు రోజులైతే ఏం చేసేదాన్నో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. నీ వేషాలు నా దగ్గరా అని నాలుగు కడిగేసి, మేజోడు పీకి అవతల పారేసి ఉండేదాన్ని. నోటి దాకా వచ్చింది. మింగేశాను. నేను మింగడం ఆయన చూశాడు. చూసి నవ్వాడు.

రోజూ అదే మాట, అదే మేజోడు. అలా రోజులు పోయాయి. గదిలో ఏదో వాసనగా ఉందంటే పాతబట్టలదన్నాడు. ఆ గురువారానికి ముందొచ్చే మట్టల ఆదివారం ఊరేగింపులో చంకకర్ర మీద మట్ట పట్టుకుని అందరితో సమంగా నడిచాడు. తిరిగొచ్చాక ఒళ్లు కాలిపోతోంది. ఎండ తగిలిందన్నాడు. "ఆసుపత్రికి పోదాం" అన్నాను, బతిమాలినట్టు అన్నాను. "గురువారం కానీయవే, శుక్రవారం పొద్దున్నే పోదాం" అన్నాడు. బతిమాలితే వినే మనిషి కాదు. ఆయన చెవులకి నా అరుపొక్కటే పనిచేసేది, దాన్ని నేను దేవుడికి ఇచ్చేసి కూర్చున్నాను.

గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మొదటి కుర్చీలో కూర్చుని చంకకర్ర పక్కన పెట్టుకున్నాడు. హెడ్మాస్టరుగారే నీళ్ల చెంబు పట్టుకున్నారు. వాక్యం చదివారు. మా ఆయన తన మాట చెప్పాడు. గొంతు బొంగురుపోయింది కాని చివరి బెంచీ దాకా వినబడింది. అయ్యగారు మోకరించి మేజోడు మెల్లగా లాగారు. ఆ చేతులు అక్కడే ఆగిపోవడం మూడో బెంచీ నుంచి నేను చూశాను. హెడ్మాస్టరుగారు ముఖం పక్కకి తిప్పుకున్నారు. మా ఆయన ముందుకి వంగి అయ్యగారి చెవిలో ఏదో అన్నాడు. అయ్యగారు చెంబు వైపు చెయ్యి చాపారు. తర్వాత కడిగారు. చంటిపిల్ల కాలు కడిగినట్టు కడిగారు, తువాలుతో అద్దారు. లేచేటప్పుడు ఆ కాలికి నుదురు ఆనించారు.

నేను ఆరాధన మధ్యలోనే లేచి ముందుకి నడిచాను. మడమ నల్లబడిపోయి ఉంది. వేళ్ల దాకా పాకింది. మధ్యలో ఒక చిన్న రంధ్రం. పాతబట్టల్లో ఎవరో గుచ్చి మర్చిపోయిన పిన్నీసని తర్వాత ఆయనే చెప్పాడు. అది కాల్లో దిగితే ఆయనకి తెలియనే లేదు. తెలిసేసరికి చీము పట్టింది. ఆయన చెవిలో ఏమన్నాడో అయ్యగారు ఆసుపత్రికి పోయే దారిలో చెప్పారు. "కడిగేయండి అయ్యగారూ, రేపట్నుంచి ఇదీ ఉండదు" అన్నాడట.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా?" అని డాక్టరమ్మ నన్ను నిలదీసింది. "నా నోటికి ఉపవాసం పెట్టుకున్నానమ్మా" అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. విషం రక్తంలోకి ఎక్కిందని, కాలు తీసినా నమ్మకం లేదని, జ్వరం కాస్త దిగితే శనివారం చూద్దామని చెప్పి వెళ్లిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం, గుళ్లో అందరూ సిలువ ముందు కూర్చుని ఉన్న వేళ, నేను మంచం పక్కన కూర్చుని ఒట్టు తీసి గట్టున పెట్టాను. వార్డంతా నావైపే చూసింది. మొండిఘటమన్నాను, ముండమోపిని చేస్తావా అన్నాను, నా వాళ్లందరినీ తిట్టాను, ఆయన వాళ్లందరినీ తిట్టాను. "ఎందుకు చెప్పలేదయ్యా? నోరు లేదా నీకు?"

మా ఆయన కళ్లు తెరిచాడు. "అమ్మయ్య. ఇల్లు ఇల్లులా ఉందిప్పుడు" అన్నాడు.

"అడిగినదానికి చెప్పు."

"చెబితే కాలు తీసేసేవాళ్లు. కాలే లేకపోతే కుర్చీ ఎక్కడిది? నువ్వు పోట్లాడి తెచ్చిన కుర్చీ కదే." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "రెండోది తీసేసినా దిగులు పడకు. పేతురు ముందే అడిగాడుగా, చేతులూ తలా కూడా కడగమని. వచ్చే ఏడాదికి నాకవి ఉన్నాయిలే."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన గుండె మీద తల పెట్టి ఏడ్చాను. శనివారం తెల్లవారాక, కాలు తీసే పని లేకుండానే పోయాడు.

ఇంటికి తెచ్చాక అమ్మగారు నీళ్లు కాచింది. ముందుగదిలో మిషను గోడవారకి జరిపారు. స్నానం చేయించడానికి మగవాళ్లు ముందుకొస్తే అయ్యగారు వాళ్లని ఆపి, గురువారంనాటి తువాలు ఉతికించి తెచ్చి నా చేతికిచ్చారు. అంచు కుట్టు ఎక్కడా మెలిక తిరగలేదు, తిన్నగా ఉంది. హెడ్మాస్టరుగారు చెంబు పట్టుకుని నీళ్లు పోశారు.

చేతులు కడిగాను, సూది గుచ్చుకుని గట్టిపడ్డ వేళ్లు ఒక్కొక్కటీ కడిగాను. తల కడిగాను. ఎడమకాలు మళ్లీ కడిగాను. కడిగినంతసేపూ ఆయన్ని తిడుతూనే ఉన్నాను. ఈస్టరు ఇంకా రాలేదు కదమ్మా అని ఒక్కరూ అనలేదు.